బార్సిలోనా లెక్కలో రైకార్డ్ వాటా

2009 మే 27న రోమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 2-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచిన బార్సిలోనా జట్టును ఒకసారి వరసగా చెప్పుకుందాం. గోల్‌లో వాల్డెస్. వెనక పుయోల్, టూరే, పికే, సిల్వీనో. మధ్యలో బుస్కెట్స్, జావీ, ఇనియెస్టా. ముందు మెస్సీ, ఎటో, హెన్రీ. వీళ్ళలో పికే ఆ సీజన్‌కే మాంచెస్టర్ నుంచి తిరిగొచ్చాడు. బుస్కెట్స్‌ని కొత్త కోచ్ పెప్ గార్డియోలా రిజర్వు జట్టు నుంచి పైకి తెచ్చుకున్నాడు. మిగతా తొమ్మిది మందీ గార్డియోలా పగ్గాలు పట్టేనాటికే సీనియర్ జట్టులో ఉన్నవాళ్ళు. అంతా అంతకుముందు కోచ్ ఫ్రాంక్ రైకార్డ్ కింద ఆడి వచ్చినవాళ్ళే.

అయినా బార్సిలోనా స్వర్ణయుగం గురించి ఎక్కడ చదివినా కథ ఒకే దారిలో నడుస్తుంది. ఒకప్పటి బార్సిలోనా కోచ్ యోహాన్ క్రైఫ్ విత్తనం వేశాడు, గార్డియోలా పంట తీశాడు. ఆ ఇద్దరి మధ్యలో 2003 నుంచి 2008 దాకా ఐదేళ్ళు ఆ క్లబ్బుని నడిపిన మనిషి పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆ వాక్యం కూడా చాలాసార్లు ఆయన చివరి రెండేళ్ళ గురించే: క్రమశిక్షణ సడలింది, బ్రెజిల్ స్టార్ రొనాల్డినో బరువెక్కాడు, జట్టు చెదిరింది, అప్పుడు గార్డియోలా వచ్చి శుభ్రం చేశాడు. ఈ కథనంతో నాకు చాలా ఏళ్ళుగా పేచీ ఉంది. రైకార్డ్ లేకపోతే గార్డియోలా చేతికి ఆ జట్టు వచ్చేది కాదని, మెస్సీ ఆ వయసుకి ఆ స్థాయికి చేరేవాడు కాదని నా నమ్మకం. అంతకంటే ముఖ్యంగా, చివర్లో ఆయన్ని దెబ్బతీసిన గుణమే మొదట్లో ఆ జట్టుని నిలబెట్టిన గుణం. ఒకదాన్ని పొగిడి రెండోదాన్ని తిట్టడం కుదరదు.

ఆ గుణమేమిటో తెలియాలంటే ఆయన ఆటగాడిగా ఎలా ఉండేవాడో చూడాలి.

రైకార్డ్ 1962 సెప్టెంబరు 30న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి హెర్మన్ దక్షిణ అమెరికాలోని సురినామ్ నుంచి ఫుట్‌బాల్ ఆడడానికి నెదర్లాండ్స్ వచ్చినవాడు. ఆయనతో పాటు వచ్చిన మిత్రుడు జార్జ్ గుల్లిట్. ఆ ఇద్దరి కొడుకులూ, అంటే ఫ్రాంక్ రైకార్డ్, రూడ్ గుల్లిట్, చిన్నప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో కలిసి బంతి తన్నుకుంటూ పెరిగి, పాతికేళ్ళు వచ్చేసరికి ఒకే జాతీయ జట్టులో యూరోపియన్ ఛాంపియన్లయ్యారు. 1988లో మ్యూనిక్‌లో సోవియట్ యూనియన్‌ని 2-0తో ఓడించిన ఆ ఫైనల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మార్కో వాన్ బాస్టెన్ కొట్టిన ఆ అసాధ్యపు వాలీ. తలతో మొదటి గోల్ వేసింది గుల్లిట్. రైకార్డ్ ఎక్కడున్నాడు? వెనక, రోనాల్డ్ కూమన్ పక్కన, సెంటర్ బ్యాక్‌గా. ముందున్న ఇద్దరూ ధైర్యంగా ముందే ఉండగలిగారంటే వెనక ఆ మనిషి ఉన్నాడు కాబట్టే.

ఆయన ఆటంతా ఇలాగే సాగింది. 17 ఏళ్ళకే ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్‌లో అడుగుపెట్టి, 1987లో కప్ విన్నర్స్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అప్పుడు కోచ్ క్రైఫ్. అదే ఏడాది సెప్టెంబరులో క్రైఫ్‌తో గొడవపడి, ట్రైనింగ్ మధ్యలోంచి వెళ్ళిపోయి, ఇక ఆయన కింద ఆడనని తేల్చేశాడు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి అంత పని చేశాడంటే లోపల ఎంత మండి ఉండాలి! పోర్చుగల్‌లోని స్పోర్టింగ్‌కి సంతకం చేశాడు. నమోదు గడువు దాటిపోవడంతో అక్కడ ఆడే వీల్లేక స్పెయిన్‌లో సరగోసాకి అరువు మీద వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాతే ఇటలీలో ఏసీ మిలాన్, అక్కడి కోచ్ ఆరిగో సాకి.

సాకి ఆయన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి తెచ్చాడు. 1989లో స్టువా బుకారెస్ట్ మీద 4-0 గెలిచిన యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్లో నాలుగు గోల్సూ గుల్లిట్, వాన్ బాస్టెన్ చెరిసగం పంచుకున్నారు. మరుసటి ఏడు వియన్నాలో బెన్‌ఫికా మీద ఫైనల్ బిగుసుకుపోయినప్పుడు ఆ ఒక్క గోల్ రైకార్డ్ కొట్టాడు. ఐదేళ్ళ తర్వాత, 1995లో, మళ్ళీ అదే వియన్నా మైదానం. ఈసారి ఆయన అయాక్స్ చొక్కాలో ఉన్నాడు, ఎదురుగా ఉన్నది తన పాత మిలాన్. 85వ నిమిషంలో 18 ఏళ్ళ పాట్రిక్ క్లూయివెర్ట్ గోల్ కొట్టి కప్ తెచ్చాడు. ఆ కుర్రాడికి బంతి అందించినవాడు 32 ఏళ్ళ రైకార్డ్. ఆ మ్యాచ్‌తోనే బూట్లు విప్పేశాడు. తన చివరి ఆటలో చివరి పెద్ద పని ఒక పిల్లవాడికి పాస్ ఇవ్వడం.

ఆయన శాంతమూర్తి అని చెప్పి తప్పించుకోను. 1990 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీతో మ్యాచ్‌లో రూడి ఫోలర్ మీద ఉమ్మేసి, ఇద్దరూ రెడ్ కార్డులతో బయటికి పోయిన దృశ్యం ఆ టోర్నీకే మచ్చ. తర్వాత ఆయన క్షమాపణ చెప్పాడు. ఇద్దరూ రాజీపడి ఒక వెన్న ప్రకటనలో కలిసి కనిపించి, ఆ డబ్బుని దానధర్మాలకిచ్చారు. కోపం లేని మనిషి కాదన్నమాట. కోపాన్ని ఎప్పుడో ఒకసారి చూపించి, మిగతా కాలమంతా అదుపులో పెట్టుకున్న మనిషి. డగౌట్‌లో ఆయన మౌనాన్ని చేతగానితనం అనుకున్నవాళ్ళు ఈ సంగతి పట్టించుకోలేదు.

కోచ్‌గా ఆయన మొదలుపెట్టిన తీరు కూడా మామూలు తీరు కాదు. 1998 ప్రపంచకప్‌లో గూస్ హిడింక్‌కి సహాయకుడిగా ఉన్నాడు. ఆ వెంటనే, ఒక్క క్లబ్బునైనా నడిపిన అనుభవం లేకుండానే, నెదర్లాండ్స్ జాతీయ జట్టు పగ్గాలు ఆయనకిచ్చారు. రెండేళ్ళలో సొంతగడ్డ మీద యూరో 2000. ఆ జట్టు ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేరు. గ్రూపులో ప్రపంచ ఛాంపియన్ ఫ్రాన్స్‌ని 3-2, క్వార్టర్స్‌లో యుగోస్లావియాని 6-1. సెమీస్‌లో ఇటలీ. 34వ నిమిషానికే ఇటలీ ఆటగాడు జాంబ్రోటా రెడ్ కార్డుతో వెళ్ళిపోయాడు. పదిమంది మీద ఆట, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆట, పైగా రెండు పెనాల్టీలు. ఫ్రాంక్ డి బోయెర్ కొట్టినదాన్ని టోల్డో ఆపాడు, క్లూయివెర్ట్ కొట్టింది స్తంభానికి తగిలింది. 0-0 ముగిశాక షూటౌట్‌లో మళ్ళీ మూడు తప్పాయి. ఇటలీ 3-1.

మ్యాచ్ అయిన వెంటనే రైకార్డ్ రాజీనామా ప్రకటించాడు. పెనాల్టీ తన్నింది ఆయన కాదు. ఆటగాళ్ళ మీద వేలు చూపించే అవకాశం ఉంది, అదృష్టం మీద తోసే అవకాశమూ ఉంది. రెండూ చేయలేదు.

ఆ తర్వాతది ఇంకా చేదు. 2001లో స్పార్టా రోటర్‌డామ్‌కి వెళ్ళాడు. 1888లో పుట్టిన ఆ క్లబ్బు అప్పటిదాకా ఎన్నడూ పై డివిజన్ నుంచి కిందికి పోలేదు. 2002లో ఆయన చేతుల్లో పోయింది. ఇక్కడ నేను ఆయన్ని వెనకేసుకు రాను. చిన్న క్లబ్బుకి కావలసింది గట్టిగా పట్టుకుని, ప్రతివాడికీ ఏం చేయాలో వివరంగా చెప్పి, పాయింటు పాయింటుకీ పోరాడించే కోచ్. రైకార్డ్ ఆ బాపతు కాదు. ఆటగాడిలో సొంత ఆలోచన, సొంత ప్రతిభ ఉంటే దాన్ని విప్పగలడు, లేనివాళ్ళకి దాన్ని ఎక్కించలేడు. ఈ పరిమితి ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

అలాంటి మనిషిని మరుసటి ఏడాదే బార్సిలోనా పిలిచింది. 2003 జూన్‌లో జోన్ లపోర్టా అధ్యక్షుడిగా గెలిచాడు. 1999 తర్వాత ఆ క్లబ్బు ఒక్క ట్రోఫీ కూడా చూడలేదు. అప్పుల భారం, అభిమానుల కోపం, ఏటా మారే కోచ్‌లు. హిడింక్, కూమన్ పేర్లు కూడా వినిపించాయి. చివరికి రైకార్డ్‌ని తీసుకోవడం వెనక ఉన్నది క్రైఫ్ సలహా. 16 ఏళ్ళ క్రితం ఎవరి ట్రైనింగ్ మధ్యలోంచి విసురుగా వెళ్ళిపోయాడో ఆ క్రైఫే! అందులో నాకు ఇద్దరి గొప్పతనమూ కనిపిస్తుంది.

ఆ మొదటి సీజన్ గురించి మాట్లాడకుండా రైకార్డ్ మీద తీర్పు చెప్పేవాళ్ళని నేను ఒప్పుకోలేను. సెప్టెంబరులో సెవియాతో మ్యాచ్‌ని అర్ధరాత్రి పన్నెండు దాటాక మొదలుపెట్టారు. ఆటగాళ్ళు జాతీయ జట్లకి వెళ్ళాల్సిన రోజులవి, తేదీ కుదరక ఆ ఏర్పాటు. వచ్చినవాళ్ళకి క్లబ్బు చల్లని గాస్పాచో సూప్ ఉచితంగా పంచింది. ఆ రాత్రి రొనాల్డినో ఇద్దరిని దాటుకుని దూరం నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్ కింది అంచుకి తగిలి వలలో పడింది. స్టేడియం ఊగిపోయింది కానీ మ్యాచ్ 1-1. సీజన్ మొదటి సగం మొత్తం ఇంతే, మెరుపు ఉంది, గెలుపు లేదు. డిసెంబరు 3న మలగాలో 5-1 ఓటమి. మూడు రోజులకి సొంత మైదానం కాంప్ నౌలో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-1 ఓటమి. లీగులో రియల్ అక్కడ గెలిచి ఇరవై ఏళ్ళయింది. పత్రికలు రైకార్డ్ తల అడిగాయి. లపోర్టా ఇవ్వలేదు.

జనవరిలో యువెంటస్ నుంచి ఎడ్గార్ డావిడ్స్ అరువు మీద వచ్చాడు. పైకి ఇది ఒక ఆటగాడి కొనుగోలు వార్త. లోపల జరిగింది మిడ్‌ఫీల్డ్ మొత్తం సర్దుబాటు. డావిడ్స్ పరిగెత్తి, తగిలి, బంతి లాక్కుని వెనకని కాపాడతాడు కాబట్టి, అప్పటిదాకా డిఫెన్సు ముందు ఇరుక్కుపోయిన జావీ ఇరవై గజాలు ముందుకి కదిలాడు. జావీ జీవితంలో అదే మలుపని నేనంటాను. గార్డియోలా వారసుడిగా, అదే పాత స్థానంలో, అదే పోలికలతో నలిగిపోతున్న కుర్రాడు ఒక్కసారిగా ఎదుటి పెనాల్టీ బాక్సుని చూడడం మొదలుపెట్టాడు. ఏప్రిల్‌లో రియల్ సొంత మైదానం బెర్నబ్యూలో వాళ్ళ మీద 2-1తో గెలిచినప్పుడు గెలుపు గోల్ కొట్టింది జావీయే. వరస గెలుపులతో బార్సిలోనా రెండో స్థానానికి ఎగబాకింది, రియల్ నాలుగో స్థానానికి జారింది. తర్వాత స్పెయిన్‌కి యూరో, ప్రపంచకప్ తెచ్చిన జావీ స్థానం ఇదే. దాన్ని మొదట ఆయనకి ఇచ్చిన కోచ్ ఎవరో ఎవరూ అడగరు.

డావిడ్స్ చేసిన పని ఏంటో మళ్ళీ చూడండి. వెనక నిలబడి, ముందున్నవాడికి స్వేచ్ఛ ఇవ్వడం. గుల్లిట్‌కీ వాన్ బాస్టెన్‌కీ రైకార్డ్ చేసిపెట్టిందీ అదే. తాను బతికిన ఆటనే ఆయన జట్టుగా కట్టాడు.

2004 వేసవిలో ఎటో, డెకో, జూలీ, లార్సన్, ఎడ్మిల్సన్, బెలెట్టి, సిల్వీనో వచ్చారు. ‘అంత మంది స్టార్లుంటే ఎవరైనా గెలుస్తారు’ అనే మాట అప్పుడే మొదలైంది, ఇప్పటికీ వింటున్నాను. సరే, అదే కాలంలో రియల్ మాడ్రిడ్‌లో జిదాన్, రొనాల్డో, ఫిగో, బెక్‌హామ్, రావుల్ ఉన్నారు. 2003 తర్వాత మూడేళ్ళు ఒక్క లీగు టైటిల్ గెలవలేదు. కోచ్‌లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు మారారు. స్టార్లని కొనడం వేరు, ఒకే మైదానంలో ఒకరి కోసం ఒకరు పరిగెత్తేలా చేయడం వేరు. రైకార్డ్ జట్టులో ఎటో బంతి పోగానే ఎదుటి డిఫెండర్ల వెంట కుక్కలా పడి తరిమేవాడు. డెకో టెక్నిక్ ఉన్న ఆటగాడే కానీ టాకిళ్ళలో ముందుండేవాడు. రొనాల్డినో ఎడమవైపు నుంచి తోచినట్టు లోపలికి రావచ్చు, ఎందుకంటే ఆ ఖాళీని నింపే పనిని మిగతావాళ్ళు సొంత పనిగా తీసుకున్నారు. 2005లో లీగ్ టైటిల్. 2006లో మళ్ళీ టైటిల్, రియల్ కంటే 12 పాయింట్లు పైన.

మధ్యలో 2005 ఫిబ్రవరిలో, ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీతో గొడవ ఉంది. రెండు మ్యాచ్‌ల పోరులో మొదటి మ్యాచ్ (లెగ్) చెల్సీ 2-1 ఓడాక, హాఫ్ టైమ్‌లో రైకార్డ్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ గదికి వెళ్ళాడని చెల్సీ కోచ్ జోసే మొరీనో ఆరోపించాడు. బెదిరింపులు భరించలేక ఫ్రిస్క్ రిఫరీ పనే మానేశాడు, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ మొరీనో మీద రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. ఆ రోజుల్లోనే మొరీనో తన ట్రోఫీలనీ రైకార్డ్ ట్రోఫీలనీ పక్కపక్కన పెట్టి, అవతల సున్నా అని తేల్చాడు. దానికి రైకార్డ్ మాటలతో పోటీ పడలేదు. రెండో లెగ్ 4-2తో చెల్సీదే. మరుసటి ఏడు చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌కి మళ్ళీ వెళ్ళి 2-1తో గెలిచి వచ్చాడు. ఆ మ్యాచ్‌లో కుడివైపు చెల్సీ డిఫెన్సుని చీల్చి చెండాడిన 18 ఏళ్ళ కుర్రాడి పేరు లయొనెల్ మెస్సీ.

మెస్సీ విషయంలో రైకార్డ్ చేసిన పనికి ఎంత విలువ కట్టినా తక్కువే. 2003 నవంబరులో పోర్టో కొత్త స్టేడియం ప్రారంభానికి ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో 16 ఏళ్ళ పిల్లవాణ్ణి మైదానంలోకి పంపాడు. 2004 అక్టోబరులో ఎస్పాన్యోల్ మీద చివరి నిమిషాల్లో డెకో స్థానంలో మొదటి అధికారిక మ్యాచ్. 2005 మే 1న అల్బసెటే మీద రొనాల్డినో అందించిన పాస్‌కి మొదటి గోల్. తేదీలు చూస్తే అర్థమవుతుంది, ఎక్కడా తొందర లేదు. ఆ పిల్లవాణ్ణి పీక్కుతినడానికి అప్పటికే మీడియా సిద్ధంగా ఉంది, ఇంకా ఆడించమని అభిమానుల గోల. రైకార్డ్ ఒక్కో మెట్టే ఎక్కించాడు. పైగా మెస్సీ ఎడమ కాలి వాటం వాడు. తనకి ఇష్టం లేకపోయినా రైకార్డ్ తనని కుడివైపు పెట్టాడని మెస్సీయే తర్వాత చెప్పుకొచ్చాడు. కుడివైపు నుంచి లోపలికి కోసుకొచ్చి ఎడమ కాలితో కొట్టే ఆ దారిని ఆ తర్వాత ప్రపంచం పదిహేనేళ్ళు చూసింది. 2005 నవంబరు 19న బెర్నబ్యూలో 3-0తో గెలిచిన మ్యాచ్‌లో మెస్సీ మొదటినుంచీ ఆడాడు. రొనాల్డినో రెండో గోల్‌కి రియల్ అభిమానులు లేచి చప్పట్లు కొట్టిన రాత్రి అది. అభిమానుల కేరింతలన్నీ రొనాల్డినోకి దక్కాయి. కుడివైపు ఆ పిల్లవాడు ఆ వెలుగు నీడలో, ఒత్తిడి లేకుండా, తన మొదటి క్లాసికో (రియల్, బార్సిలోనా పోరు) ఆడుకున్నాడు. రొనాల్డినో ఆ భారం మోయగలిగిన చోటున ఉండడం, మెస్సీకి ఆ నీడ దొరకడం, ఈ రెండిటినీ కలిపినవాడు డగౌట్‌లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

2006 ఛాంపియన్స్ లీగ్ ప్రయాణంలో ఒక విశేషం ఉంది. క్వార్టర్స్‌లో ఎదురైన బెన్‌ఫికా కోచ్ కూమన్, 1988లో రైకార్డ్ పక్కన నిలబడి డిఫెన్సు కాసినవాడు. సెమీస్‌లో మిలాన్ కోచ్ కార్లో ఆంచెలొట్టి, సాకి జట్టులో మిడ్‌ఫీల్డ్ సహచరుడు. మిలాన్ మైదానం శాన్ సిరోలో రొనాల్డినో పాస్‌కి జూలీ కొట్టిన ఒక్క గోల్‌తో మిలాన్ ఇంటిదారి పట్టింది. మే 17న పారిస్‌లో ఫైనల్, ఆర్సెనల్ మీద.

మన దగ్గర అప్పటికి అర్ధరాత్రి దాటి పావుగంట. హైదరాబాదులో మా హాస్టల్ టీవీ గదిలో ఆర్సెనల్ అభిమానులదే పైచేయి, అప్పట్లో హెన్రీ అక్కడే ఉన్నాడు కదా. 18వ నిమిషంలో గోల్‌కీపర్ లేమాన్‌కి రెడ్ కార్డు పడింది. పదిమందితోనే 37వ నిమిషంలో సోల్ క్యాంప్‌బెల్ తలతో గోల్ కొట్టి ఆర్సెనల్‌కి ఆధిక్యం తెచ్చాడు. పారిస్‌లో వాన. హాఫ్ టైమ్‌కి బార్సిలోనా 1-0 వెనకబడి ఉంది. ఆరేళ్ళ క్రితం ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా పదిమంది మీద ఆడి, రెండు గంటలు గోడకి తల కొట్టుకుని ఓడిన కోచ్ ఈయనే.

ఈసారి ఏం చేశాడో చూడండి. విరామంలోనే డిఫెన్సుకి అండగా ఉండే ఎడ్మిల్సన్‌ని తీసేసి 22 ఏళ్ళ ఇనియెస్టాని దింపాడు. 61వ నిమిషంలో మరో మిడ్‌ఫీల్డర్ వాన్ బోమెల్‌ని తీసేసి ఫార్వర్డ్ లార్సన్‌ని. 71వ నిమిషంలో డిఫెండర్ ఒలెగేర్ స్థానంలో దాడికి ఎగబడే బెలెట్టిని. మూడు మార్పులూ ఒకే దిక్కుకి. పదిమంది కిక్కిరిసి కాస్తున్న చోట ఇంకో ఎత్తు మనిషిని పెట్టి బంతులు గాల్లోకి లేపలేదు. పాసు వేగం పెంచాడు, కోణాలు పెంచాడు. 76వ నిమిషంలో ఇనియెస్టా బంతి, లార్సన్ ఒక్క స్పర్శ, ఎటో గోల్. నాలుగైదు నిమిషాలకి లార్సన్ పాస్, బెలెట్టి గోల్. బార్సిలోనాకి ఆడిన కాలమంతటిలో బెలెట్టి కొట్టిన ఒకే ఒక్క గోల్ అది. బెంచి మీద నుంచి వచ్చిన ముగ్గురూ ఆ రెండు గోల్స్‌లో ఉన్నారు. 1992లో క్రైఫ్ తెచ్చిన తర్వాత బార్సిలోనాకి ఇది రెండో యూరోపియన్ కప్. ఆటగాడిగానూ కోచ్‌గానూ ఆ కప్ గెలిచినవాళ్ళలో రైకార్డ్ ఐదోవాడు. ఆయన వ్యూహం తెలియని ‘మంచి మనిషి’ మాత్రమే అనేవాళ్ళకి ఈ ఒక్క ద్వితీయార్ధం చాలదా?

ఇక పతనం. దాన్ని దాచను.

2006 వేసవిలో సహాయకుడు హెంక్ టెన్ కాటే అయాక్స్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. డ్రెస్సింగ్ రూములో గట్టిగా అరిచే గొంతు ఆయనదే. రైకార్డ్ నమ్మకం ఇచ్చేవాడు, టెన్ కాటే ఆ నమ్మకాన్ని ఎవరూ దుర్వినియోగం చేయకుండా చూసేవాడు. ఆయన స్థానంలో యోహాన్ నీస్కెన్స్ వచ్చాడు కానీ ఆ పని ఎవరూ అందుకోలేదు. డిసెంబరులో క్లబ్ ప్రపంచకప్ ఫైనల్లో ఇంటర్నాసియొనల్ చేతిలో ఓటమి. ఫిబ్రవరిలో రేసింగ్ సాంటాండర్‌తో మ్యాచ్ చివర్లో మైదానంలోకి వెళ్ళడానికి ఎటో నిరాకరించాడని రైకార్డ్ చెప్పడం, ఎటో బహిరంగంగా విరుచుకుపడడం. స్పెయిన్ కప్ పోటీ కోపా సెమీస్‌లో గెటాఫే మీద మొదటి లెగ్ 5-2 గెలిచి, రెండో లెగ్‌లో 4-0 ఓడడం. చివరికి జూన్ 9న కాంప్ నౌలో ఎస్పాన్యోల్ ఆటగాడు టముడో ఆఖరి నిమిషాల్లో కొట్టిన గోల్‌తో 2-2. రియల్, బార్సిలోనా ఇద్దరికీ 76 పాయింట్లు. ముఖాముఖి లెక్కలో టైటిల్ రియల్‌కి పోయింది. మరుసటి ఏడాది ఇంకా దిగజారి, రియల్ కంటే 18 పాయింట్లు వెనకబడి మూడో స్థానం. 2008 మే 7న బెర్నబ్యూలో ఛాంపియన్లకి రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టి, ఆపైన 4-1తో ఓడారు. మర్నాడే లపోర్టా ప్రకటన: రైకార్డ్ వెళ్తున్నాడు, గార్డియోలా వస్తున్నాడు.

ఇందులో రైకార్డ్ బాధ్యత ఉంది. రొనాల్డినో రాత్రి జీవితం ట్రైనింగుని మింగేస్తుంటే ఆపలేకపోయాడు. తనకి అంతా ఇచ్చిన ఆటగాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టడానికి ఆయనకి చాలా ఆలస్యంగా చేతులొచ్చాయి. పెద్దమనుషుల్ని పెద్దమనుషుల్లాగే చూడాలన్న ఆయన నమ్మకం 2004లో జట్టుకి ఊపిరి, 2007లో అదే ఉచ్చు. కానీ ఇక్కడే నా వాదన అసలు ముడి ఉంది. పారిస్‌లో, అనుభవం చాలని పిల్లవాడంటూ ఇనియెస్టా సత్తా మీద ఎవరైనా సందేహించే చోట ఆయన నమ్మాడు. 18 ఏళ్ళ వాణ్ణి బెర్నబ్యూలో నమ్మాడు. తప్పు మీద తప్పు చేస్తున్న 21 ఏళ్ళ గోల్‌కీపర్ వాల్డెస్‌ని మొదటి సీజన్లో నమ్మి, పేరున్న రుస్తుని పక్కనపెట్టాడు. ఆ నమ్మకం షరతులు పెట్టి కొలిచేదైతే ఈ ముగ్గురూ ఆ వయసులో ఎదిగేవాళ్ళు కాదు. మనిషిని నమ్మే కోచ్‌కి, ఎప్పుడు నమ్మడం మానాలో తెలియకపోవడం ఆ గుణంలోనే ఉన్న ప్రమాదం. దాన్ని తీసేస్తే గుణం కూడా పోతుంది.

గార్డియోలాది వేరే స్వభావం. వచ్చీ రాగానే రొనాల్డినో, డెకోలని పంపేశాడు. బరువు, నిద్ర, సమయపాలన అన్నిటికీ నియమాలు పెట్టాడు. బంతి పోయిన క్షణంలోనే తిరిగి లాక్కునే పద్ధతిని రైకార్డ్ జట్టు ఎప్పుడూ అందుకోనంత పైకి తీసుకెళ్ళాడు. ఆ గొప్పతనంలో నేను ఒక్క అణువు కూడా తగ్గించను. నేననేది ఒక్కటే, అది ఖాళీ స్థలంలో కట్టింది కాదు.

తర్వాత రైకార్డ్ గలతసరాయ్‌కి వెళ్ళి 2010 అక్టోబరుకి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2011లో సౌదీ అరేబియా జాతీయ జట్టుని తీసుకున్నాడు. 2012 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా చేతిలో 4-2 ఓడి ప్రపంచకప్ దారి మూసుకుపోయింది. 2013 జనవరిలో గల్ఫ్ కప్ వైఫల్యం తర్వాత తీసేశారు. అప్పటికి ఆయనకి 50 ఏళ్ళు. ఆ మరుసటి ఏడాది, ఇక కోచ్‌గా రానని చెప్పేశాడు. స్పార్టాలో కనబడిన పరిమితే ఇక్కడా కనబడింది. తేడా ఏమిటంటే దాన్ని ఇప్పుడు ఆయనే గుర్తించాడు. ఛాంపియన్స్ లీగ్ గెలిచిన పేరుతో ఇంకో పదేళ్ళు ఏటా ఒక క్లబ్బు మారుస్తూ, నష్టపరిహారాల మీద బతికేసే దారి ఆయనకి తెరిచే ఉంది. ఆ దారిన పోయిన పెద్ద పేర్లు ఎన్నో ఉన్నాయి. ఆయన పోలేదు. దీన్ని ఓటమి అని రాసేవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ సెమీస్ రాత్రి రాజీనామా చేసిన మనిషిని మర్చిపోయి రాస్తున్నారు.

చివరగా ఒక సంగతి. 2008 ఆగస్టులో గార్డియోలా మొదటి లీగ్ మ్యాచ్ నుమాన్సియా చేతిలో 1-0 ఓటమి. రెండోది కాంప్ నౌలో రేసింగ్‌తో 1-1. రెండు మ్యాచ్‌లకి ఒక్క పాయింటు, సీనియర్ జట్టుని నడిపిన అనుభవం లేని కోచ్, స్టార్లని పంపేశాడన్న కోపం ఊరంతా. అధ్యక్షుడు మళ్ళీ లపోర్టాయే. మలగాలో 5-1 ఓడిన మనిషిని దాదాపు ఐదేళ్ళ క్రితం ఆయన కాపాడుకున్నాడు, దాని ఫలితం పారిస్‌లో చేతికందుకున్నాడు. 2003లో రైకార్డ్‌ని తీసేసి ఉంటే, 2008లో గార్డియోలాకి మూడో మ్యాచ్ దాకా నిశ్చింతగా పనిచేసుకునే వాతావరణం ఉండేదని నేననుకోను. ఆ మూడో మ్యాచ్ స్పోర్టింగ్ గిహోన్‌తో జరిగింది. బార్సిలోనా 6-1తో గెలిచింది. మొదటి గోల్ జావీది, చివరి రెండూ మెస్సీవి.